పైన నాయిన, కింద మామ

ఇవాళ పొద్దున కోదాడ మామ కళ్ళ పరీక్షకని సూర్యాపేట వచ్చి, చుక్కల మందు వేయించుకుని, ఆ మసక చూపుతోనే మా ఇంటికి వచ్చాడు. మనవడు గేటు దగ్గర దింపి, తనకేదో పనుందని వెళ్ళిపోయాడు. మామ మా అమ్మకు అన్న. ఎనభై దాటాయి. మనిషి సగమయ్యాడు కానీ గొంతు మాత్రం తగ్గలేదు. వీధి మొదట్లో ఉండగానే వంటింట్లో నాకు వినబడింది. మజ్జిగ ఇచ్చాను. తాగి, మీసం తుడుచుకుని, గేటుకూ వేపచెట్టుకూ మధ్య ఉన్న చోటును కళ్ళు చికిలించి చూస్తూ, "కారు ఇక్కడే కదమ్మా ఉండేది?" అన్నాడు. ఇప్పుడక్కడ నా స్కూటరు, కొన్ని పూలకుండీలు ఉన్నాయి. ఇక్కడే మామా అన్నాను. "నేను పడుకున్నప్పుడు తల ఎటుంది? కాళ్ళెటు?" అని అడిగాడు. కాళ్ళు గేటు వైపు అన్నాను. "మీ నాన్న ఇటుపక్క బానెట్‌లో తలకాయ పెట్టి..." అంటూ ఆయన ఒక్కడే నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నాయిన పోయి కొన్నేళ్ళయింది. అమ్మ అంతకంటే ముందే పోయింది. ఆ రోజు ఆ వాకిట్లో ఉన్నవాళ్ళలో మిగిలింది మేమిద్దరమే. మామ భోంచేసి నడుం వాల్చాక, కాగితాలు ముందేసుకుని ఇది రాయడానికి కూర్చున్నాను.

మా నాయిన సూర్యాపేట పశువుల దవాఖానలో కాంపౌండరు. మా సొంతూరు చివ్వెంల పక్క పల్లె, తాతల నుంచీ గొర్లు కాచిన ఇల్లు. నాయిన చదువుకుని ఉద్యోగంలో చేరినా, పట్నంలో ఇల్లు కట్టినా, ఆయన ఒంటి నుంచి రెండు వాసనలు ఎప్పుడూ పోలేదు. ఒకటి దవాఖాన ఫినాయిలుది, రెండోది మా తాత గొంగడిది. ఆ గొంగడి చలికాలంలో నాయిన మంచం మీద ఉండేది, కారు వచ్చాక దాని ముందు సీటు మీదికి ఎక్కింది. ఎవరింటికి వెళ్ళినా ఆయన ముందు కొట్టంలోకి వెళ్ళి బర్రె చెవి పట్టుకుని చూసి, ఆ తర్వాతే మనుషులను పలకరించేవాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అమ్మ అడిగితే తేల్చి చెప్పలేని మనిషి, గేటు బయట పోతున్న మేక దగ్గు విని దానికేం జబ్బో చెప్పేవాడు. తినేదీ తాగేదీ ఏదైనా సరే దానికి వైద్యం ఉంటుందని ఆయన నమ్మకం. కారు పెట్రోలు తాగుతుంది కనుక అది కూడా ఆ లెక్కలోకే వచ్చింది.

ఆ కారును ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక పెద్ద ఇంజనీరు దగ్గర కొన్నాడు. ఒకప్పుడు తెల్లది. మా ఇంటికి వచ్చేసరికి పలచటి మజ్జిగ రంగులోకి దిగింది. అలాంటి కారు సూర్యాపేటలో ఇంకొకటి లేదని నాయిన గర్వంగా చెప్పేవాడు. లేకపోవడానికి కారణమేమిటో మెకానిక్కులు చెప్పేవారు. వాళ్ళు బానెట్ తెరిచి, లోపలికి చూసి, మళ్ళీ మర్యాదగా మూసేసి, ఇంకో మెకానిక్కు పేరు చెప్పేవారు. దానికున్న పెద్ద రోగం సెల్ఫ్ మోటారు. తాళం తిప్పగానే ఇంజన్ను కదిలించి లేపే చిన్న మోటారు అది. మిగతా కార్లలో చెయ్యి చాపితే అందే చోట ఉంటుంది. మా కారులో మాత్రం ఇంజన్‌కు వెనక, గొట్టాల కింద, డ్రైవరు కాళ్ళకు అడ్డంగా ఉండే రేకు గోడకు ఆనుకుని ఉండేది. కారంతా కట్టేశాక మోటారు సంగతి గుర్తొచ్చి, ఎక్కడ సందు దొరికితే అక్కడ దూర్చినట్టు ఉండేది. పైనుంచి చూస్తే కనబడదు, కిందనుంచి చూస్తే సగం కనబడుతుంది. మా ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకే అది పనిచేయడం మానేసింది. నాయిన తాళం తిప్పితే లోపలెక్కడో ఎవరో నాలుక చప్పరించినట్టు 'టక్' అని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోయేది.

అప్పటినుంచి మా ఇంట్లో పొద్దున కార్యక్రమాలు మారిపోయాయి. అమ్మ పాలు పొంగకుండా పొయ్యి తగ్గించి, కొంగు నడుముకు బిగించి, కారుకు ఎడమవైపు వచ్చి నిలబడేది. కుడివైపు నాది. పక్కింటివాళ్ళు పళ్ళు తోముకుంటూ వచ్చి మధ్యలో చెయ్యి వేసేవారు. నాయిన మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొంగడి మీద కూర్చుని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "ఊఁ, నూకుండ్రి! జర గట్టిగ నూకుండ్రి!" అనేవాడు. అది దగ్గి, ఊగి, పొగ వదిలి కదిలితే, మేము ఆ పొగలో నిలబడి ఆయన వెళ్ళేవైపు చూసేవాళ్ళం. దవాఖాన దగ్గర ఏటవాలుగా ఉన్నచోట ఆపుకుంటే సాయంత్రం అదే దొర్లి స్టార్టయ్యేది. అలా సూర్యాపేటలో ఏ వీధి ఎటు పల్లమో నాయినకు తెలిసినంతగా మునిసిపాలిటీకి కూడా తెలియదు. చుట్టాల ఇళ్ళను కూడా ఆయన పల్లాన్ని బట్టే ఎంచుకునేవాడు. ఇంటి ముందు చదునుగా ఉన్నవాళ్ళకు మా మీద కోపం, మేము రావడం లేదని. మా చేతులకు ఎప్పుడూ కారు వెనక రేకు మీది దుమ్ము అంటుకుని ఉండేది. కాలేజీలో నేను నోట్సు రాస్తే కాగితం మీద వేలిముద్రలు పడేవి.

ఆ కారు వల్లనే నాయినకూ మామకూ మాటలు పోయాయి. మామ ఒకప్పుడు లారీ నడిపి, తర్వాత కోదాడలో హైవే పక్కన లారీల సామాన్ల దుకాణం పెట్టాడు. బాగా కలిసొచ్చి ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి మేము కారులో బయలుదేరాం. నాయినకు దాన్ని అందరి ముందూ ఆ ఇంటి ముందు ఆపాలని కోరిక. సరిగ్గా మామ ఇంటి మలుపు దగ్గర ఇంజన్ ఆగిపోయింది. అమ్మా నేనూ పట్టుచీరలతో దిగి నెట్టుకుంటూ వీధిలోకి వచ్చాం. కొత్త ధోవతి కట్టుకుని మెట్ల మీద చుట్టాలతో నిలబడ్డ మామ మమ్మల్ని చూసి, చప్పట్లు చరిచి, "చూడండి చూడండి! మా బావ గేదెల ఆసుపత్రిలో పని చేస్తాడు కదా, కారును కూడా తోలుకొచ్చాడు!" అన్నాడు. పందిరి పందిరంతా నవ్వింది. నాయిన కూడా కొంచెం నవ్వాడు. కానీ పంక్తిలో కూర్చున్నాక, విస్తట్లో పప్పు పడకముందే లేచి చెయ్యి కడుక్కుని కారెక్కాడు. అమ్మ బతిమాలింది, వినలేదు.

కోపంగా వెళ్ళిపోవాలంటే కారు స్టార్ట్ కావాలి. నవ్విన వాళ్ళను నెట్టమని అడగలేడు. స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడు. అమ్మా నేనూ వెనక చెయ్యి వేశాం. అప్పుడు మామ లోపలినుంచి పరుగున వచ్చి మాతో పాటు కారును పట్టుకున్నాడు. అద్దంలో అది చూసి నాయిన బ్రేకు తొక్కాడు. మామ చెయ్యి తీశాడు. నాయిన బ్రేకు వదిలాడు. మామ మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ బ్రేకు. వీధి వీధంతా చూస్తుండగా కాసేపు ఇదే నడిచింది. చివరికి మామ చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయాడు, మేమిద్దరం ఏడుస్తూ నెట్టాం, కారు దొర్లింది. ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. అమ్మ పుట్టింటికి బస్సులో ఒక్కతే వెళ్ళి వచ్చేది. పెళ్ళిళ్ళలో కలిస్తే నాయిన పందిరికి ఈ గుంజ దగ్గర, మామ ఆ గుంజ దగ్గర కూర్చునేవారు. ఒకరి ఊరి సంగతులు ఒకరికి చెప్పేవాళ్ళు ఉండేవారు కానీ, ఒకరినొకరు 'బావా' అని పిలుచుకోవడం ఆగిపోయింది.

ఇలా ఉండగా కోదాడలో మామ దగ్గర ఉండే అమ్మమ్మ కాలు జారి పడింది. ఎముకకు చీలిక వచ్చిందని కట్టు కట్టారు. సరిగ్గా అప్పుడే మిర్యాలగూడలో మా చిన్నమ్మకు, పెళ్ళయిన చాలా ఏళ్ళకు, ఆడపిల్ల పుట్టింది. ఆదివారం తొట్టెల్లో వేస్తున్నారు. అమ్మమ్మ లేకుండా ఆ వేడుక చేయనని చిన్నమ్మ ఏడుపు. బస్సు ఎక్కే స్థితిలో లేనని అమ్మమ్మ మూలుగు. కిరాయి కారు మాట్లాడతానని మామ అంటే అమ్మమ్మ గోడవైపు తిరిగి పడుకుని, "అల్లుడికి కారుండగా కిరాయి కారెందుకురా? ఎక్కితే ఆ కారే ఎక్కుతా. లేకపోతే పిల్లను ఫొటోలో చూసుకుంటాలే" అన్నదట.

అమ్మ ఈ మాట నాయినకు అన్నం పెడుతూ చెప్పింది. "అత్తమ్మ గట్లన్నదా?" అని నాయిన అడిగాడు. అన్నదని అమ్మ చెప్పింది. చెయ్యి కడుక్కుంటూ మళ్ళీ, "నా కారే కావాల్నన్నదా?" అన్నాడు. ఆ సాయంత్రమే గొంగడి దులిపి ఎండలో వేశాడు. కానీ కాలికి కట్టుతో ఉన్న మనిషిని ఎక్కించుకుని, దారిలో కారు ఆగితే నెట్టేదెవరు? సెల్ఫ్ మోటారు మార్చక తప్పదు. నాయిన సూర్యాపేటలో ప్రతి దుకాణం తిరిగాడు. ఎక్కడా లేదు. హైదరాబాదు నుంచి తెప్పించాలంటే ఆదివారం దాటిపోతుంది. అలాంటివి ఎక్కడున్నా వెతికి పట్టుకునే మనిషి ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పేరెత్తలేదు. నాయిన దవాఖానకు వెళ్ళగానే అమ్మ చెప్పులేసుకుని ఎస్‌టీడీ బూత్‌కు నడిచింది.

శనివారం పొద్దున మామ బస్సు దిగి, చంకలో గోనెసంచితో మా గేటు ముందు నిలబడ్డాడు. సంచిలో పాత తువ్వాలులో చుట్టిన సెల్ఫ్ మోటారు. ఎక్కడో మూలన పడున్న అలాంటి కారు నుంచి ఊడదీయించి, లోపల అరిగినవి మార్పించి, పసిపిల్లను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. లోపలికి రా అన్నా అని అమ్మ పిలిచినా రాకుండా, "ఇది ఇచ్చి పోదామని వచ్చానే. ఇంతకీ బిగించేది ఎవరు?" అన్నాడు. "ఎవరున్నరన్నా, మెకానిక్కులు మా తోని కాదన్నరు. ఆయనే ఇప్పుతడట" అన్నది అమ్మ. మామ సంచి కింద పెట్టి, చొక్కా విప్పి వేపకొమ్మకు తగిలించాడు. "అయితే నేను పోను" అన్నాడు.

నాయిన లోపలినుంచి అన్నీ విన్నాడు. లుంగీ ఎగ్గట్టి, పానాల డబ్బా పట్టుకుని బయటికి వచ్చి, మామను చూడనట్టే చూసి, నాతో, "బిడ్డా, కారు నాది, పైనుంచి నేను జేస్త. గాయన కావాల్నంటే కిందికెల్లి జేస్కోమను" అన్నాడు. మామ కూడా నాతోనే, "కిందే అసలు పని అని మీ నాన్నకి చెప్పమ్మా" అన్నాడు. చక్రాలకు రాళ్ళు పెట్టి, కారును ఎత్తి, కింద ఇటుకలు పేర్చి, మామ వెల్లకిలా కారు కిందికి జరిగాడు. నాయిన బానెట్ తెరిచి, బ్యాటరీ వైరు తీసి, మునివేళ్ళ మీద నిలబడి, గొట్టాల మధ్యకు చెయ్యి దూర్చాడు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా నా ఉద్యోగం ఆ ఇద్దరి మధ్య నిలబడి మాటలు మోయడం. నిజానికి వాళ్ళ మొహాల మధ్య జానెడు దూరం కూడా లేదు. ఇంజన్ పక్క సందులోంచి మామకు నాయిన గడ్డం కనబడేది, నాయినకు మామ కన్ను కనబడేది. ఒకరినొకరు చూసుకుంటూ నాతో మాట్లాడేవారు.

"మీ మామకు సెప్పు, పొట్ట జర లోపలికి గుంజుకొమ్మని. కారు లేస్తున్నది."

"మామా, కొంచెం సర్దుకోవాలట."

"పొట్ట మాట వినబడిందిలే. మీ నాన్నకి చెప్పు, ఆయన పట్టుకున్నది సెల్ఫ్ మోటారు కాదు, సైలెన్సరు గొట్టం అని."

"నాయినా, ఇంకొంచెం పక్కకు..."

"నాకు ఎరుకే. సూస్తున్న, అంతే."

కింది బోల్టు తుప్పు పట్టి కదలలేదు. కిరసనాయిలు పోస్తే వదులవుతుందని మామ కబురు పంపాడు. నాయిన సీసా తెచ్చి పైనుంచి పోశాడు. కిందినుంచి తుమ్ములు, ఆ తర్వాత ఉమ్మడం, ఆ తర్వాత, "అమ్మా, కిరసనాయిలు బోల్టుకు పోయమను. నా నోటికి తుప్పు లేదు" అని మాట వచ్చాయి. నాయిన వెంటనే మొహం అటు తిప్పుకున్నాడు కానీ భుజాలు కదులుతుండడం నేను చూశాను. కాసేపటికి కింది బోల్టు ఊడింది. వైర్లు ఊడాయి. ఇక మిగిలింది పై బోల్టు ఒక్కటే. అది కనబడదు, చేత్తో తడిమి విప్పాలి. నాయిన కళ్ళు మూసుకుని, పెదవి కొరుక్కుంటూ, చూడి బర్రె కడుపులో దూడను తడిమినంత జాగ్రత్తగా దాన్ని తిప్పుతున్నాడు. సరిగ్గా అప్పుడు అమ్మ చాయ్ తీసుకుపొమ్మని నన్ను లోపలికి పిలిచింది.

నేను లేనప్పుడు ఏం జరిగిందో తర్వాత ఇద్దరి మాటలూ కలిపి తెలుసుకున్నాను. పై బోల్టు చేతిలోకి వచ్చేసింది. అది వచ్చాక మోటారు బరువంతా కిందివాడు పట్టుకోవాలి. 'పట్టుకో' అనే ఒక్క మాట మామకు చెప్పాలి. చెప్పడానికి నేను లేను. నాయిన నా కోసం గుమ్మం వైపు చూశాడు. ఆలోపు మోటారు ఒరిగి, ఆయన మణికట్టును గొట్టానికి అదిమి కూర్చుంది. కింద మామ అప్పుడు కళ్ళలో పడ్డ కిరసనాయిలు తుడుచుకుంటున్నాడు.

నేను చాయ్ గ్లాసులతో వచ్చేసరికి నాయిన బానెట్‌లో నడుము దాకా వంగి ఉన్నాడు. మొహం ఎర్రగా ఉబ్బింది. ఏమైంది నాయినా అన్నాను. "మీ మామకు సెప్పు..." అని ఆగాడు. ఏం చెప్పాలి అన్నాను. "నా సెయ్యి..." అన్నాడు. మళ్ళీ ఆగాడు. మోటారు ఇంకొంచెం జారినట్టుంది. ఇక ఆయన నన్ను చూడలేదు.

"బావా!" అని అరిచాడు.

వీధి చివర కూరగాయలు కొంటున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. కారు కింద నుంచి బయటికి కనబడుతున్న మామ కాళ్ళు ఉన్నవి ఉన్నట్టు ఆగిపోయాయి. జవాబు లేదు. పానా వెతుక్కుంటున్నాడేమో అనుకున్నాను. "బావా! సెయ్యి ఇరికింది. జర లేపు బావా, పానం పోతున్నది!" అని నాయిన మళ్ళీ అరిచాడు. అప్పుడు కిందనుంచి, "కదలకు బావా, లేపుతున్నా" అని వినబడింది. ఆ మాట నాకు కాదు, నేరుగా ఆయనకే. ఏదో లోపల జరిగిన చప్పుడు, నాయిన పెద్దగా ఊపిరి తీసుకున్న చప్పుడు. చెయ్యి బయటికి వచ్చింది. మామ పాకుతూ బయటికి వచ్చాడు, మొహమంతా నలుపు, కళ్ళు మాత్రం తెల్లగా. ఇద్దరూ మట్టిలోనే పక్కపక్కన కూలబడ్డారు. మామ నాయిన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని ఒక్కో వేలూ వంచి చూడడం మొదలుపెట్టాడు.

"మనిషి సెయ్యి గిట్ల సూడరు బావా. గిట్ల మేక కాలు సూస్తరు" అన్నాడు నాయిన, నొప్పితో మొహం చిట్లించి.

"నీ దగ్గర నేర్చుకున్నదే బావా. నాకింకేం వచ్చు" అన్నాడు మామ.

అమ్మ పసుపు, నూనె, పాత గుడ్డ పట్టుకుని వచ్చి, ఆ దృశ్యం చూసి, దగ్గరికి రాకుండా గడపలోనే నిలబడిపోయింది. కాసేపటికి నాయిన, చేతిని చూసుకుంటూనే, "ఏం మనిషివి బావా నువ్వు? విస్తరి ముందట నుంచి లేసినోన్ని రెక్క పట్టి కూసోబెట్టవా? నవ్వినవ్, నవ్వితే నవ్వినవ్. అన్నం తినుమని పిలువవా?" అన్నాడు. మామ ఆశ్చర్యంగా ఆయన వైపు తిరిగాడు. "పిలవడానికే కదా బావా వచ్చింది! కారు పట్టుకున్నాను కదా, నువ్వు బ్రేకు తొక్కావు!"

"నూకనీకి వచ్చినవనుకున్న. పోతే పోనీ అని సాగనంపుతున్నవనుకున్న."

"ఆపడానికి పట్టుకున్నా బావా, వెనక్కి గుంజడానికి!"

గ్లాసుల్లో చాయ్ చల్లారింది. గడపలో నిలబడ్డ అమ్మే చివరికి, "అయ్యో, ఇన్నేండ్లు నేను బస్సుల్ల తిరిగింది దీనికేనా!" అని, పసుపు గిన్నె కింద పెట్టి, నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక రెండూ చేసింది.

కొత్త మోటారు బిగించడం మిగిలింది. నాయిన చెయ్యి పూరీలా పొంగింది. మామ కింద పడుకుని మోటారును ఎత్తిపట్టుకోవాలి, ఆయన రెండు చేతులూ దానికే సరి. పైనుంచి బోల్టు ఎక్కించడానికి నేను ప్రయత్నిస్తే వేళ్ళు అందలేదు. అమ్మ నన్ను పక్కకు జరిపింది. గాజులు మోచేతి దాకా పైకి తోసి, జారకుండా గుడ్డతో కట్టుకుని, "ఇన్నేండ్లు ఎనుక నుంచి నూకిన. లోపలేమున్నదో నేను గూడ సూడాలె గదా" అని చెయ్యి దూర్చింది. ఇప్పుడిక మాటలు వచ్చేశాయి కనుక ఇద్దరు మగవాళ్ళూ ఒకేసారి సలహాలు మొదలుపెట్టారు. కుడికి తిప్పుమని కిందాయన, ముందు తిన్నగ వెట్టుమని పైనాయన. "ఇద్దరు జర నోర్లు మూసుకుంటరా?" అన్నది అమ్మ. ఆకాశం వైపు చూస్తూ, లోపల వేళ్ళు ఆడిస్తూ, "తొక్కు జాడీల అడుగు ముక్క తీసినట్టే ఉన్నది" అన్నది. ఆ తర్వాత, "పట్టింది" అన్నది. పానాతో బిగించి చెయ్యి బయటికి తీసేసరికి గాజులన్నీ ఉన్నాయి, ఒక్కటీ చిట్లలేదు.

వైర్లు తగిలించి, కారును ఇటుకల మీదినుంచి దించాక, తాళం ఎవరు తిప్పాలన్నది ఇంకో పంచాయితీ. నీ కారు నువ్వే తిప్పు బావా అని మామ. నువ్వు తెచ్చిన మోటారు, నువ్వే తిప్పాలె బావా అని నాయిన. అమ్మ చేతులు కడుక్కోకుండానే వెళ్ళి, జీవితంలో మొదటిసారి ఆ గొంగడి మీద కూర్చుని, తాళం తిప్పింది. ఇంజన్ ఒక్క ఉదుటున లేచింది. అలవాటు కొద్దీ నెట్టడానికి గేటు దాకా వచ్చిన పక్కింటివాళ్ళు చేతులు ఏం చేసుకోవాలో తెలియక నిలబడ్డారు.

మర్నాడు నాయిన చేతికి కట్టు ఉంది కనుక మామే నడిపాడు. కోదాడలో అమ్మమ్మను ఎక్కించుకుని మిర్యాలగూడ బయలుదేరాం. వెనక సీట్లో మేము ముగ్గురం, ముందు వాళ్ళిద్దరూ. గేరు దగ్గర మొదలైన వాదన ఆగలేదు. "ఇది లారీ కాదు బావా, జర మెల్లగ" అని ఈయన. "లారీ అయితే ఈపాటికి చేరేవాళ్ళం బావా" అని ఆయన. మధ్యమధ్యలో నాయిన, "జర బంజెయ్యి బావా, మల్ల లేస్తదో లేదో సూద్దం" అనేవాడు. మామ ఆపేవాడు. మళ్ళీ తాళం తిప్పేవాడు. అది లేచేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని సంతోషించేవారు. గరిడేపల్లి దగ్గర పొలాల మధ్య, ఏ కారణమూ లేకుండా, అచ్చం ఆ సంతోషం కోసమే ఆగాం. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. "అమ్మా, వీళ్ళు మాట్లాడుకోనప్పుడే మంచిగుండె" అన్నది మా అమ్మ. అమ్మమ్మ కళ్ళు మూసుకుని, ఏదో పాట వింటున్నట్టు కూర్చుంది.

మిర్యాలగూడలో మిల్లుల పొట్టు వాసన ముక్కుకు తగులుతుండగా చిన్నమ్మ ఇంటి ముందు దిగాం. అమ్మమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, బావలిద్దరూ చెరోవైపు ఎత్తి, గడప దాటేటప్పుడు ఎవరి కాలు ముందో తేలక కాసేపు గుమ్మంలో ఇరుక్కుని, చివరికి లోపలికి చేర్చారు. అందరూ వంటల దగ్గరికి వెళ్ళాక నేను నీళ్ళ చెంబుతో గదిలోకి వెళ్ళేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మమ్మ తొట్టెల పక్కన తన కాళ్ళ మీద తాను నిలబడి, పిల్ల బుగ్గ తడుముతోంది. నన్ను చూసి ఏమాత్రం కంగారు పడలేదు. "బస్సు ఎక్కలేకనా? ఎక్కగలనే. బస్సులో అయితే వీళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోరుగా" అని, కొంచెం కుంటుకుంటూ వెళ్ళి, మళ్ళీ కుర్చీలో కూర్చుని, మూలగడం మొదలుపెట్టింది.

ఆ కారు ఇంకొన్నేళ్ళు మా దగ్గర ఉండి, ఎవరికో వెళ్ళిపోయింది. బావలిద్దరూ నాయిన పోయేదాకా వారం వారం ఫోన్లో పోట్లాడుకున్నారు. ఇప్పుడు మా ఇళ్ళలో మంచి కార్లున్నాయి. బటన్ నొక్కితే కదులుతాయి. బాగు చేయించాలంటే అద్దాల గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, లోపల ఏం చేశారో మనకు కనబడదు, కనబడాలని కూడా ఎవరికీ లేదు. నాకు ఆ కార్ల మీద కోపమేమీ లేదు. ఈ వయసులో నెట్టమంటే నా వల్ల కాదు. కాకపోతే మా పిల్లలు కోపాలొస్తే ఫోన్లో ఒకరినొకరు బ్లాక్ చేసుకుంటారు, ఎవరి కారులో వాళ్ళు వేడుకలకు వచ్చి, చల్లటి గాలి వేసుకుని, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. వాళ్ళ మధ్య నిలబడి మాటలు మోసే పని నాకెవరూ ఇవ్వడం లేదు. ఇస్తే చేయడానికి సిద్ధంగానే ఉన్నాను.

ఇంతదాకా రాసేసరికి మామ నిద్ర లేచాడు. చాయ్ ఇచ్చాను. మనవడి కోసం ఎదురుచూస్తూ వాకిట్లో కూర్చున్నాం. చాలా ఏళ్ళుగా అడగాలనుకుని అడగనిది ఒకటి ఉంది నాకు. "మామా, ఆ రోజు నాయిన మొదటిసారి అరిచినప్పుడు నువ్వు చప్పుడు చేయలేదు. రెండోసారి అరిచాకే లేపావు. పానా కోసం చూస్తున్నావా?" అన్నాను.

మామ గ్లాసు కింద పెట్టాడు. చుక్కల మందు వేసిన కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకున్నాడు.

"పానా చేతిలోనే ఉందమ్మా" అన్నాడు. "అన్నేళ్ళకి బావా అన్నాడు కదా. సరిగ్గా విన్నానో లేదో, ఇంకోసారి అంటాడేమోనని ఆగాను."